రేవతి క్రేటర్: ప్లూటో చందమామ మీద బలరాముడి భార్య పేరు ఎలా చేరింది?

#1 చుక్కలదారి

అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా ఒక విషయం బుర్రలో తిరుగుతోంది. ఇక్కడ పెడితే తెలిసినవాళ్లు చెబుతారని రాస్తున్నాను.

ప్లూటోకి ఐదు చందమామలు. అన్నిటికన్నా పెద్దది కేరన్. అడ్డుకొలత 1,212 కిలోమీటర్లు, అంటే ప్లూటోలో సగం పైమాటే. పైనంతా గడ్డకట్టిన నీళ్లు. ఆ మంచు నేల మీద ఎప్పుడో ఏదో వచ్చి గుద్దుకుని పడిన ఒక గుంట, అంటే క్రేటర్, దాని పేరు రేవతి. ముద్దుపేరేం కాదు, అధికారికంగా పెట్టిన పేరు. 2018 ఏప్రిల్ 11న అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య, అంటే ఐఏయూ, కేరన్ మీద తొలి విడతగా 12 పేర్లు ఖాయం చేసింది. వాటిలో మూడు లోయలు, మూడు కొండల పేర్లు. మిగిలిన ఆరూ క్రేటర్లు: డొరోతీ, నస్రెద్దీన్, నీమో, పిర్క్స్, సాద్కో, రేవతి.

కేరన్ మీద పెట్టే పేర్లన్నీ ప్రయాణాలకు సంబంధించినవే ఉండాలని నియమం. కథల్లో, పురాణాల్లో దూరాలు తిరిగినవాళ్లు, వాళ్లెక్కిన ఓడలు, వాళ్లు చేరిన చోట్లు, అలాంటి కథలు రాసినవాళ్లు, తీసినవాళ్లు. నస్రెద్దీన్ అంటే గాడిదెక్కి తిరిగే ముల్లా. సాద్కో రష్యా జానపద గాథల్లో సముద్రం అడుగుకి వెళ్లొచ్చినవాడు. నీమో జలాంతర్గామి కెప్టెన్. వీళ్ల సరసన మన రేవతి. ఆ జాబితా చూసినప్పుడు ఒళ్లు పులకరించింది, దాచుకోవడం ఎందుకు.

ఇప్పుడు నా సందేహం. ఐఏయూ ఇచ్చిన వివరణలో రేవతి మహాభారతంలో ప్రధాన పాత్ర అనీ, కాలప్రయాణం అనే ఊహ ఉన్న మొట్టమొదటి కథ అదేనని చాలామంది అంటారనీ ఉంది. భారతంలో రేవతి ప్రధాన పాత్రా? నాకు తెలిసినంతలో ఆవిడ బలరాముడి భార్య, శశిరేఖ తల్లి. ఎవరైనా సరిగ్గా చెప్పగలరా?

#2 కిరణ్_ఎంపీసీ

అన్నా, నేను రేవతి నక్షత్రం పేరు పెట్టారేమో అనుకున్నా. మా అమ్మది రేవతి నక్షత్రమే. ఇంకో డౌట్. కొందరు కేరన్ అంటారు, కొందరు షేరన్ అంటారు. ఏది కరెక్ట్?

#3 పాతపుస్తకాల_అటక

చుక్కలదారి గారూ, మంచి చర్చ మొదలుపెట్టారు. కథ ముందు చెప్పుకుందాం, తప్పెక్కడుందో తర్వాత చూద్దాం.

సముద్రంలో కుశస్థలి అనే పట్టణం. దాన్ని ఏలే రాజు కకుద్మి. రైవతుడని కూడా అంటారు. ఆయన కూతురు రేవతి. పిల్లకి తగిన వరుడు భూమ్మీద ఎవరున్నారో తేల్చుకోలేక, ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని ఏకంగా బ్రహ్మలోకానికి వెళ్లాడు. అప్పటికి అక్కడ పాట కచేరీ జరుగుతోంది. పాడుతున్నది హాహా, హూహూ అనే గంధర్వులని విష్ణుపురాణం పేర్లతో సహా చెబుతుంది. పాట మధ్యలో మాట్లాడటం మర్యాద కాదని రాజు ఆగాడు. పాట అయ్యాక దండం పెట్టి, తన మనసులో ఉన్న వరుల పేర్లు విన్నవించాడు. బ్రహ్మ నవ్వాడు. నువ్వనుకున్నవాళ్లు కాదు గదా, వాళ్ల మనవల మనవల ఊసు కూడా ఇప్పుడు లేదు, నువ్వు పాట విన్నంతసేపట్లో కింద 27 మహాయుగాలు గడిచిపోయాయి అన్నాడు. ద్వారకలో బలరాముడున్నాడు, ఆయనకివ్వు అని చెప్పి పంపాడు. తిరిగొచ్చి చూస్తే తన ఊరు తనది కాదు. కూతురిని బలరాముడికిచ్చి పెళ్లిచేసి, కకుద్మి బదరికి తపస్సుకి వెళ్లిపోయాడు.

ఇది భాగవతం నవమ స్కంధంలో ఉంది. పోతన గారి భాగవతం ఇంట్లో ఉన్నవాళ్లు ఆ స్కంధం తీస్తే మొదట్లోనే దొరుకుతుంది. విష్ణుపురాణం నాలుగో అంశంలో ఉంది. హరివంశంలోనూ ఉంది. భారతం పద్దెనిమిది పర్వాల్లో మాత్రం రేవతి వచ్చేది బలరాముడి పక్కన, ఆయన భార్యగా. ఆదిపర్వంలో రైవతక పర్వతం మీద ఉత్సవం జరుగుతుంటుంది, అర్జునుడు సుభద్రను చూసేది అక్కడే. బలరాముడు మధువు తాగిన మత్తులో రేవతితో కలిసి తిరుగుతుంటాడు. అంతే. ప్రధాన పాత్ర అనడం తప్పే.

అయితే ఒక్క మాట. హరివంశాన్ని భారతానికి ఖిలభాగం అంటారు, అంటే అనుబంధం. ఆ లెక్కన చూస్తే వాళ్లు పూర్తిగా దారి తప్పలేదు.

హరివంశంలో నాకు చాలా ఇష్టమైన చోటు ఇది. కథ వింటున్న జనమేజయుడు మధ్యలో ఆపి అడుగుతాడు: అన్ని యుగాలు గడిచినా రేవతి, ఆమె తండ్రి ముసలివాళ్లు ఎందుకు కాలేదు? అక్కడ ముసలితనం, ఆకలి, చావు ఉండవని వైశంపాయనుడు బదులిస్తాడు. ఈ రోజు మనకొచ్చిన ప్రశ్న ఆ వినేవాడికి అప్పుడే వచ్చిందన్నమాట.

#4 సైన్సు_మాస్టారు

అటక గారికి నమస్కారం. మీ పోస్టు చదివాక ఊరుకోలేక కాగితం తీసుకుని లెక్కవేశాను. ఒక మహాయుగం 43,20,000 ఏళ్లు. 27తో గుణిస్తే 11,66,40,000 ఏళ్లు. పాట సాగింది ఒక ముహూర్తం, అంటే 48 నిమిషాలు అనుకుంటే, అక్కడి ఒక్కో నిమిషానికి ఇక్కడ సుమారు 24 లక్షల 30 వేల ఏళ్లు.

కిరణ్ బాబూ, మహాయుగాలు 27, నక్షత్రాలూ 27, ఆఖరిది రేవతి. అంకెలు కలిశాయని దానికి అర్థాలు తీయకు. మా స్టాఫ్‌రూమ్‌లో అప్పుడే మొదలుపెట్టారు.

పేరు పలకడం గురించి. 1978 జూన్ 22న జేమ్స్ క్రిస్టీ అనే అమెరికన్ ఖగోళ శాస్త్రవేత్త ప్లూటో ఫొటో ప్లేట్లు పరిశీలిస్తున్నాడు. కొన్ని ప్లేట్లలో ప్లూటో మచ్చకి ఒక పక్క బొడిపెలా ఉంది. ఆ బొడిపె ఒకసారి ఇటు, ఒకసారి అటు ఉంటోంది. అదే ఈ చందమామ. ఆయన భార్య పేరు షార్లీన్, ఇంట్లో షార్ అంటారు. ఆ పేరుకి చివర 'ఆన్' తగిలించి చూసుకున్నాడు. తర్వాత నిఘంటువు తెరిస్తే, గ్రీకు పురాణంలో చనిపోయినవాళ్లను నది దాటించే పడవవాడి పేరు సరిగ్గా అదే! ప్లూటో పాతాళానికి రాజు కాబట్టి పేరు అతికినట్టు సరిపోయింది. గ్రీకు పద్ధతిలో పలికితే కేరన్, ఆ ఇల్లాలి పేరు తలుచుకుని పలికితే షేరన్. రెండూ చెల్లుతాయి.

#5 కిరణ్_ఎంపీసీ

థాంక్యూ మాస్టారూ. మరి ఇది ఐన్‌స్టీన్ చెప్పిన టైమ్ డైలేషన్ అనుకోవచ్చా? యూట్యూబ్‌లో అందరూ మనవాళ్లకి ముందే తెలుసు అంటున్నారు.

#6 హిమశిల

కిరణ్, ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం. నేను చదివేది, పనిచేసేది గడ్డకట్టిన ఉపగ్రహాల ఉపరితలాల మీదే. సూటిగా చెబుతాను. ఐన్‌స్టీన్ 1905లో చెప్పింది వేగానికీ కాలానికీ ఉన్న లెక్క. ఇంత వేగంతో వెళితే గడియారం ఇంత నెమ్మదిస్తుందని సూత్రం ఇచ్చాడు, తర్వాత అణుగడియారాలు విమానాల్లో పెట్టి తిప్పి చూశారు. రేవతి కథలో వేగం ప్రసక్తి లేదు, లెక్కా లేదు. ఉన్నది అంతకన్నా వేరే గొప్పతనం. కాలం అన్నిచోట్లా ఒకేలా నడవకపోవచ్చు అన్న ఊహ, ఆ ఊహ వల్ల ఒక మనిషికి ఏం జరుగుతుంది అన్న ఆలోచన. దాన్ని కథగానే గౌరవిద్దాం. ఫిజిక్స్ పాఠం చేస్తే కథకీ అన్యాయమే, ఫిజిక్స్‌కీ అన్యాయమే.

ఇక క్రేటర్ గురించి, ఎందుకంటే అసలు విషయం అది కదా.

ప్లూటోని చూడటానికి పంపిన న్యూ హొరైజన్స్ అంతరిక్ష నౌక 2006 జనవరి 19న బయల్దేరింది. అప్పటికి ప్లూటో ఇంకా గ్రహమే. అదే ఏడాది ఆగస్టులో ప్రాగ్ సమావేశంలో ఆ హోదా పోయింది. తొమ్మిదిన్నరేళ్లు ప్రయాణించి 2015 జులై 14న సెకనుకు సుమారు 14 కిలోమీటర్ల వేగంతో ప్లూటో, కేరన్‌ల పక్కనుంచి దూసుకుపోయింది. ఆగే వీలు లేదు, వెనక్కి తిరిగే వీలు లేదు. కేరన్‌కి దాదాపు 29 వేల కిలోమీటర్ల దూరంలో వెళ్లింది. ఒక్కో సిగ్నల్ మనకు చేరడానికి నాలుగున్నర గంటలు. అక్కడి నుంచి డేటా వచ్చే వేగం ఎంత తక్కువంటే, ఆ ఒక్కరోజు తీసినదంతా మన చేతికి అందడానికి 2016 అక్టోబరు దాకా పట్టింది.

కేరన్ మీద చలి సున్నాకి కింద 220 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. ఆ చలిలో నీటి మంచు మనం ఫ్రిజ్‌లో చూసే మంచులా ఉండదు, బండరాయిలా గట్టిగా ఉంటుంది. అందుకే వందల కోట్ల ఏళ్ల కిందట పడిన గుంట కూడా అలాగే నిలిచి ఉంది. గాలి లేదు, వాన లేదు, చెరిపేవాళ్లు లేరు. దక్షిణాన ఉన్న మైదానాన్ని మిషన్ వాళ్లు అనధికారంగా వల్కన్ అని పిలిచారు. క్రేటర్లు ఎంత ఎక్కువుంటే నేల అంత పాతదని లెక్క. దాని మీద ఉన్నవి లెక్కపెడితే వయసు 400 కోట్ల ఏళ్ల దగ్గర తేలింది. ఒకప్పుడు కేరన్ లోపల ఉన్న సముద్రం గడ్డకడుతూ ఉబ్బి, పైపెంకును పగలగొట్టి, మంచు బురద లావాలా పైకి వచ్చి పరుచుకుని ఉంటుందని ఎక్కువమంది అంచనా. ఆ పగుళ్లే లోయలు.

మాస్టారి 11 కోట్ల 66 లక్షల ఏళ్లను ఆ 400 కోట్ల పక్కన పెట్టి చూడండి.

ఇంకొక సంగతి. కెల్సీ సింగర్, ఆమె సహచరులు 2019లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. ప్లూటో, కేరన్‌ల మీద 13 కిలోమీటర్ల కంటే చిన్న క్రేటర్లు ఉండాల్సినన్ని లేవు. అంటే వాటిని చేసే చిన్న రాళ్లు, ఒకటి రెండు కిలోమీటర్ల కంటే చిన్నవి, నెప్ట్యూన్ అవతల మంచురాళ్లు తిరిగే ఆ దూరపు కైపర్ పట్టీలో అనుకున్నదానికన్నా బాగా తక్కువ. టెలిస్కోపుకి అందని రాళ్లను, అవి చేసిన గుంటలను బట్టి లెక్కపెట్టారు. నాకు ఈ పని మీద ప్రేమ పుట్టింది ఆ వ్యాసం చదివాకే.

#7 నాగావళి

అందరి పోస్టులూ చదివాను. నాకు మాత్రం చిన్నప్పటి నుంచీ ఈ కథ వింటే కడుపులో ఏదో బాధ. అది కూడా ఇక్కడ చెప్పాలనిపించింది.

ప్రయాణికుల పేర్లు అన్నారు. ఈ కథలో రేవతి ఒక్క మాట మాట్లాడదు. వరుడిని తండ్రి వెతుకుతాడు, పేరు బ్రహ్మ చెబుతాడు. ఆ పిల్ల వెనక్కి వచ్చేసరికి తనతో ఆడుకున్నవాళ్లు లేరు, ఇల్లు లేదు, ఊరి పేరు కూడా మారిపోయింది. పైగా విష్ణుపురాణంలో యుగం మారి మనుషులు పొట్టివాళ్లయ్యారు, ఆవిడ మాత్రం పాత కాలపు మనిషి కాబట్టి బాగా పొడుగు. బలరాముడు నాగలి కొనతో ఆవిడని వంచి తన కాలానికి సరిపోయేట్టు పొట్టిగా చేశాడట. వింటూ నవ్వుకునేవాళ్లు మా ఇంట్లో. నాకు నవ్వు వచ్చేది కాదు.

నేను పెళ్లయి వేరే దేశం వచ్చి పదకొండేళ్లు. మొదటిసారి ఇంటికి వెళ్లినప్పుడు మా వీధి మలుపులో చింతచెట్టు లేదు, పక్కింటి పెద్దమ్మ లేదు. అప్పుడు రేవతి గుర్తొచ్చింది.

అందుకే అంటున్నాను, కకుద్మి పేరు పెట్టకుండా రేవతి పేరు పెట్టడమే వాళ్లు చేసిన మంచి పని. ఆ ప్రయాణం వల్ల బతుకు మారిపోయింది ఆవిడకే.

#8 చుక్కలదారి

నాగావళి గారూ, ఇన్నిసార్లు విన్న కథని నేను ఎప్పుడూ ఆవిడ వైపు నుంచి చూడలేదు. మీ పోస్టు రెండుసార్లు చదివాను.

#9 పాతపుస్తకాల_అటక

నాగావళి అమ్మా, నీ మాట నిజం. అయితే పురాణాల్లో నోరున్న రేవతి కూడా ఒకావిడ ఉంది. కిరణ్ అడిగిన నక్షత్రానికీ ఆవిడకీ సంబంధం ఉంది. మార్కండేయ పురాణంలోది. ఇది వేరే రేవతి, కలిపేయకండి.

ఋతవాక్కు అనే మునికి రేవతి నక్షత్రం చివరలో కొడుకు పుట్టాడు. వాడు దారి తప్పాడు. నక్షత్రమే కారణమని గర్గుడు చెబితే, ముని కోపంతో ఆ నక్షత్రం రాలిపోవాలని శపించాడు. రేవతి ఆకాశం నుంచి రాలి కుముద పర్వతం మీద పడింది. కొండంతా వెలిగిపోయింది. అప్పటి నుంచి ఆ కొండ రైవతకం అయింది. పడిన కాంతి తామర కొలనుగా మారింది, ఆ కొలను నుంచి ఒక అమ్మాయి పుట్టింది. ప్రముచుడనే ఋషి పెంచి రేవతి అని పేరుపెట్టాడు.

దుర్గముడనే రాజుతో పెళ్లి కుదిరింది. అప్పుడా పిల్ల తండ్రితో అంది: నా పెళ్లి రేవతి నక్షత్రంలోనే జరగాలి. ఆ నక్షత్రం ఇప్పుడు ఆకాశంలో లేదు కదమ్మా, వేరే మంచి నక్షత్రాలు ఉన్నాయి అన్నాడాయన. ఒక ముని తపశ్శక్తితో దాన్ని పడగొట్టగలిగితే మీకు నిలబెట్టే శక్తి లేదా అని పట్టుబట్టింది. చివరికి ఆయన నక్షత్రాన్ని తిరిగి చంద్రుడి దారిలో నిలబెట్టాల్సి వచ్చింది. వీళ్ల కొడుకే రైవత మనువు.

ఆకాశం నుంచి ఒకటి రాలిపడటం, పడిన చోట కొలను పుట్టడం. క్రేటర్ గురించి మాట్లాడుకుంటూ ఈ కథ చెప్పకుండా ఉండలేకపోయాను.

#10 హిమశిల

అటక గారూ, ఇది నేను వినలేదు. మా లోణార్ సరస్సు గుర్తొచ్చింది. మహారాష్ట్రలో బసాల్టు రాతి మీద ఉల్క పడి ఏర్పడిన బిలం అది, ఇప్పుడు అందులో ఉప్పునీటి సరస్సు. పురాణ కథకీ దానికీ ముడిపెట్టడం లేదు, చిత్రం మాత్రం అదే.

#11 కిరణ్_ఎంపీసీ

మరి మన తెలుగువాళ్ల పేర్లు ఎక్కడైనా ఉన్నాయా? ఈ పేర్లు ఎవరైనా పంపొచ్చా?

#12 చుక్కలదారి

ఉంది కిరణ్. బుధగ్రహం మీద త్యాగరాజ క్రేటర్. 1976లో పెట్టారు. అక్కడ రచయితలు, చిత్రకారులు, సంగీతకారుల పేర్లు పెడతారు. తిరువయ్యారులో కూర్చుని తెలుగులో కీర్తనలు కట్టిన మహానుభావుడు సూర్యుడికి అంత దగ్గరగా ఉన్నాడు. వాల్మీకి, వ్యాసుడు, కాళిదాసు కూడా బుధుడి మీదే ఉన్నారు. శని చందమామ టైటన్ మీద ఒక నల్లటి మచ్చకి గణేశ అని పేరు. మొదట్లో మంచు అగ్నిపర్వతం అనుకున్నారు, ఎత్తులు కొలిచాక ఆ ఊహ నిలబడలేదు. పేరు మాత్రం ఉంది.

పేర్ల విషయానికొస్తే, 2015లో న్యూ హొరైజన్స్ ప్లూటోని చేరకముందు 'అవర్ ప్లూటో' అని జనాన్నే పేర్లు సూచించమన్నారు. మామూలుగా అయితే ఆ చోటు మీద పనిచేసే శాస్త్రవేత్తలు పేరు కావాలని అడుగుతారు, ఐఏయూ కమిటీ చూసి ఒప్పుకుంటుంది. నిజంగా బతికిన మనిషి పేరైతే చనిపోయి కనీసం మూడేళ్లు కావాలి.

#13 సైన్సు_మాస్టారు

ఈ రోజు ఎనిమిదో తరగతిలో ఇదే చెప్పాను. పెద్ద పళ్లెంలో వరిపిండి నాలుగు వేళ్ల మందాన పోసి, పైన పసుపు పలచగా చల్లాను. పిల్లలు బల్లెక్కి పైనుంచి గోలీలు వదిలారు. గోలీ పడగానే చుట్టూ గట్టు లేచింది, లోపలి తెల్లపిండి పసుపు మీద చారలు చారలుగా చిమ్మింది. ఒక గోలీ ముందు పడిన గుంట గట్టు మీదే పడి సగం కూల్చేసింది. ఏది ముందు పడిందో చెప్పండి అన్నాను. అందరూ సరిగ్గా చెప్పారు. క్రేటర్ల వయసు చదవడంలో మొదటి పాఠం అదే కదా.

తర్వాత రేవతి కథ చెప్పాను. వెనక బెంచీ అమ్మాయి లేచి అడిగింది: సార్, ఆ మంచు చందమామ మీద నిలబడితే ప్లూటో కనిపిస్తుందా? నాకు వెంటనే జవాబు తట్టలేదు. రేపు చెబుతానన్నాను. హిమశిల గారూ, సాయం చేయాలి.

#14 హిమశిల

ఎంత మంచి ప్రశ్న! కనిపిస్తుంది మాస్టారూ. మనకి చందమామ ఎప్పుడూ ఒకే ముఖం చూపిస్తుంది కదా, ప్లూటో, కేరన్ రెండూ ఒకదానికొకటి అలా ఒకే ముఖం చూపించుకుంటూ తిరుగుతాయి. ఒక చుట్టుకి 6.4 రోజులు. న్యూ హొరైజన్స్ దగ్గరగా ఫొటోలు తీసింది కేరన్‌లో ప్లూటో వైపు తిరిగి ఉండే సగాన్ని. ఆ సగంలో ఎక్కడ నిలబడినా ప్లూటో ఆకాశంలో ఒకే చోట ఉంటుంది. ఉదయించదు, అస్తమించదు. మనకి కనిపించే చందమామకి 14 రెట్లు వెడల్పుగా, నెలవంక నుంచి పున్నమి దాకా ఆ 6.4 రోజుల్లోనే పెరిగి తరుగుతుంది. ఆ అమ్మాయికి నా తరఫున శభాష్ చెప్పండి.

#15 చుక్కలదారి

మొదటి ప్రశ్నకి మళ్లీ వస్తున్నాను. ఆ వివరణను సరిచేయమని ఒక చిన్న ఉత్తరం రాద్దామనుకుంటున్నాను. ఈ పేర్ల పట్టికను చూసుకునేది అమెరికాలో ఫ్లాగ్‌స్టాఫ్ అనే ఊళ్లోని భూగర్భ సర్వే వాళ్లు. 1930లో ప్లూటోని కనిపెట్టిన అబ్జర్వేటరీ ఆ ఊరిదే, క్రిస్టీ చూసిన ఫొటో ప్లేట్లు తీసిందీ ఆ ఊళ్లోనే. ఉత్తరం సారాంశం ఇది:

"రేవతి: రైవత కకుద్మి కూతురు, బలరాముడి భార్య. ఆమె బ్రహ్మలోక ప్రయాణ కథ హరివంశం, విష్ణుపురాణం, భాగవత పురాణాల్లో ఉంది. మహాభారతంలో ప్రధాన పాత్ర అన్న మాట మార్చగలరు."

అటక గారూ, తప్పులుంటే దిద్దండి.

#16 పాతపుస్తకాల_అటక

బాగుంది. హరివంశం పక్కన "మహాభారతానికి అనుబంధం" అని చేర్చండి. వాళ్లు భారతం అని ఎందుకు రాసి ఉంటారో మనకి అర్థమైందని వాళ్లకీ తెలియాలి.

#17 నాగావళి

నాదొక సవరణ. కూతురు, భార్య అని మొదలుపెట్టకండి. "బ్రహ్మలోకానికి వెళ్లి, 27 మహాయుగాల తర్వాత తిరిగి వచ్చిన యువతి" అని మొదలుపెట్టి, ఆ తర్వాత కూతురు, భార్య అని రాయండి.

#18 చుక్కలదారి

రెండూ మార్చాను. ఆదివారం పంపుతాను.

#19 సైన్సు_మాస్టారు

ఆ ఉత్తరం కింద మా ఎనిమిదో తరగతి పిల్లల సంతకాలు కూడా పెట్టొచ్చా? ముప్పై ఒక్కమంది ఉన్నారు. ప్లూటో జవాబు పొద్దున్నే చెప్పేశాను.

#20 చుక్కలదారి

తప్పకుండా మాస్టారూ. శనివారంలోగా స్కాన్ చేసి పంపండి. సంతకాలు తెలుగులోనే పెట్టమనండి.